మెనూ ఉన్న పెళ్ళి డీవీడీ: ఏ సాఫ్ట్‌వేర్, ఏ అమరిక, ఏ డిస్కు

రెండు గంటల ఇరవై నిమిషాల పెళ్ళి వీడియోను డీవీడీగా చేసి ఇమ్మని ఇంట్లో పెద్దవాళ్ళు అడిగినప్పుడు వారి కోరిక చాలా స్పష్టంగా ఉంటుంది. డిస్కు పెట్టగానే ఒక తెర రావాలి, అందులో స్నాతకం, జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అని పేర్లు కనిపించాలి, రిమోట్ మీద బాణం గుర్తు నొక్కి కావలసిన ఘట్టానికి నేరుగా వెళ్ళగలగాలి. ఇంటర్నెట్టు, పాస్‌వర్డు, యాప్ ఏవీ అక్కర్లేకుండా ఈ సౌకర్యం ఇవ్వగలగడమే డీవీడీ-వీడియో పద్ధతికి ఇప్పటికీ ఉన్న బలం. అందుకే పాత టేపులను, మిక్సింగ్ స్టూడియో ఇచ్చిన ఫైళ్ళను ఇంట్లో కంప్యూటర్ మీదే డీవీడీలుగా మార్చుకునేవాళ్ళు నేటికీ ఉన్నారు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగేముందు ఈ పనిలో మూడు వేర్వేరు పనులు ఉన్నాయని గుర్తించాలి. వీడియోను ఎంపెగ్-2 రూపంలోకి కుదించడం ఎన్‌కోడింగ్, దానికి చాప్టర్లు, మెనూలు, మీటలు అమర్చి డీవీడీ నిర్మాణాన్ని తయారుచేయడం ఆథరింగ్, ఆ నిర్మాణాన్ని ఖాళీ డిస్కు మీద రాయడం బర్నింగ్. ఈ మూడింటినీ ఒకే కిటికీలో చేసిపెట్టే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి కానీ, మూడింటిలోనూ సమానంగా రాణించేవి తక్కువ. బొమ్మ నాణ్యత మొదటి పనిమీద, వాడుకలో సౌలభ్యం రెండో పనిమీద, డిస్కు ఎన్ని ప్లేయర్లలో ఆడుతుందన్నది మూడో పనిమీద ఆధారపడి ఉంటాయి. కాబట్టి ఒక్కొక్క పనికి తగిన పనిముట్టును విడివిడిగా ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన చిన్న విషయం ఒకటి ఉంది. ఎంపీ4 ఫైలును డిస్కులోకి కాపీ చేస్తే అది డేటా డీవీడీ మాత్రమే అవుతుంది. దాన్ని కొన్ని ప్లేయర్లు చదువుతాయి, చాలా పాత ప్లేయర్లు చదవవు, మెనూ మాత్రం ఎందులోనూ రాదు. చూసేవారి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టే సదుపాయం ఉండి, వారికి ఫైళ్ళ జాబితాలోంచి ఎంచుకోవడం అలవాటైతే, ఘట్టాలను వేర్వేరు ఫైళ్ళుగా కోసి, వరుస సంఖ్యలు వేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమే సులువు, బొమ్మ కూడా ఎక్కువ స్పష్టంగా ఉంటుంది. ఇంట్లో డీవీడీ ప్లేయరే ఉంటే, లేదా రిమోట్‌తో మెనూ చూసి ఎంచుకోవడమే వారికి తెలిసిన పద్ధతి అయితే, ఇక్కడినుంచి చెప్పేది పనికొస్తుంది.

నిడివి, బిట్‌రేటు

ఒక పొర ఉన్న మామూలు డిస్కు సామర్థ్యం 4.7 జీబీ అని అట్టమీద ఉంటుంది. అది 470 కోట్ల బైట్ల లెక్క, విండోస్ కంప్యూటర్ తన పద్ధతిలో దాన్నే 4.38 జీబీగా చూపిస్తుంది. ఒక సెకను వీడియోకో, శబ్దానికో ఖర్చయ్యే సమాచార పరిమాణమే బిట్‌రేటు, అది ఎక్కువైతే బొమ్మ మెరుగవుతుంది, డిస్కు త్వరగా నిండుతుంది. డీవీడీ ప్రమాణం ప్రకారం వీడియో ఒక్కటీ సెకనుకు 9.8 మెగాబిట్లు, శబ్దంతో సహా అన్నీ కలిపి 10.08 మెగాబిట్లు మించకూడదు. ఇంట్లో రాసిన డిస్కులను ప్లేయర్లు కంపెనీ డిస్కులంత సులువుగా చదవలేవు కనుక, గరిష్ఠ పరిమితిని 8 దగ్గరే ఆపడం క్షేమం.

ఇప్పుడు మన 140 నిమిషాల వీడియో లెక్క చూద్దాం. మెనూలకూ, ఫైళ్ళ అమరికకూ ఐదు శాతం పక్కన పెడితే సెకనుకు సుమారు 4.25 మెగాబిట్లు మిగులుతాయి. శబ్దాన్ని ఏసీ3 అనే కుదించిన రూపంలో 192 కిలోబిట్లకు ఉంచితే వీడియోకు దాదాపు 4 మెగాబిట్లు దక్కుతాయి. అదే శబ్దాన్ని కుదించకుండా పీసీఎంగా ఉంచితే అది ఒక్కటే 1.5 మెగాబిట్లు తినేస్తుంది, వీడియోకు 2.7 మిగులుతుంది. బొమ్మ ముక్కలు ముక్కలుగా విరిగిపోవడం అక్కడ మొదలవుతుంది. కచేరీ రికార్డింగైతే పీసీఎం కోరుకోవడంలో అర్థం ఉంది కానీ, సన్నాయి, డోలు, జనం మాటలు కలగలిసిన పెళ్ళి శబ్దానికి 192 లేదా 224 కిలోబిట్ల ఏసీ3 చాలు. ఎంపీ2 అనే మరో కుదింపు రూపం మన దేశపు పాల్ పద్ధతి డిస్కుల్లో చెల్లుతుంది, అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ ప్లేయర్లు దాన్ని తప్పనిసరిగా ఆడించాలన్న నియమం లేదు కనుక, ఎక్కడైనా పలికే ఏసీ3నే ఎంచుకోండి. గంట నిడివి వీడియోకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, సగటున 8 మెగాబిట్లు పెట్టేయవచ్చు. గంటన్నర అయితే 6.4 దాకా వస్తుంది. మూడు గంటలు ఒకే పొరలో ఇరికిస్తే 3.1కి పడిపోతుంది. ఆ స్థితిలో రెండు డిస్కులుగా విడగొట్టమనే నేను సలహా ఇస్తాను.

సగటు 4 మెగాబిట్లు అన్నప్పుడు ఆ బిట్లను ఎలా పంచుతున్నామన్నది అసలు ప్రశ్న. పంతులుగారు మంత్రం చదువుతుండగా కెమెరా కదలకుండా నిలిచిన దృశ్యానికి 2 మెగాబిట్లు సరిపోవచ్చు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు వేల బియ్యపు గింజలు ఒక్కొక్కటీ ఒక్కో దారిలో పడుతుంటాయి, పైగా ఫోటోగ్రాఫర్ల ఫ్లాషులు క్షణానికొకటి వెలుగుతుంటాయి. ముందు ఫ్రేముతో పోల్చి తేడాను మాత్రమే దాచుకునే ఎంపెగ్-2కు ఇంతకంటే కఠినమైన దృశ్యం ఉండదు. స్థిర బిట్‌రేటు పెడితే అందరూ ఎదురుచూసే ఆ ఘట్టంలోనే బొమ్మ గళ్ళుగళ్ళుగా కనిపిస్తుంది. రెండు పాస్‌ల చర బిట్‌రేటు పద్ధతిలో ఎన్‌కోడర్ మొదటిసారి వీడియో అంతా చదివి ఎక్కడ కష్టమో లెక్కకట్టుకుని, రెండోసారి నిశ్చల దృశ్యాల దగ్గర ఆదా చేసిన బిట్లను ఇక్కడ ఖర్చుపెడుతుంది. సమయం దాదాపు రెట్టింపవుతుంది, అయినా గంటన్నర దాటిన ఏ వీడియోకైనా నేను ఈ పద్ధతే వాడతాను. గంటలోపు వీడియోకు ఒక్క పాస్ చాలు.

ఎన్‌కోడర్లలో ఉచితంగా దొరికేవి ప్రధానంగా రెండు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అన్ని కంప్యూటర్ల మీదా పనిచేస్తుంది, పాల్ డీవీడీ కావాలని ఒక్క ఆదేశంలో చెబితే పరిమాణం, ఫ్రేము రేటు, శబ్దం అన్నీ ప్రమాణానికి తగ్గట్టు అమర్చేస్తుంది. హెచ్‌సీ ఎన్‌కోడర్ విండోస్‌కు మాత్రమే ఉంది, ఏవీసింత్ అనే మరో ప్రోగ్రాముకు రాసిన స్క్రిప్టు ద్వారా వీడియో ఇవ్వాలి, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. బిట్‌రేటు 6కు పైన ఉన్నప్పుడు రెండింటి మధ్య తేడా నాకు కనిపించలేదు. 4కు దిగువన మాత్రం నా కంటికి హెచ్‌సీ ఫలితమే మెరుగ్గా అనిపించింది. హ్యాండ్‌బ్రేక్‌తో డీవీడీ చేయవచ్చని కొందరు పొరపడుతుంటారు. అది డీవీడీలను చదివి ఎంపీ4గా మార్చే సాఫ్ట్‌వేర్, డీవీడీని తయారుచేయదు.

పాల్, ఎన్‌టీఎస్‌సీ

మన దేశపు టీవీ పద్ధతి పాల్: 720×576 పరిమాణం, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా, కెనడాలది ఎన్‌టీఎస్‌సీ: 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు. మన దగ్గర అమ్ముడైన ప్లేయర్లలో ఎక్కువ భాగం రెండింటినీ ఆడిస్తాయి. అమెరికాలోని ప్లేయర్లలో, టీవీల్లో చాలావాటికి పాల్ తెలియదు. నేను హైదరాబాదులో తయారుచేసి డాలస్‌లో ఉన్న మా పెదనాన్నగారికి పంపిన మొదటి డిస్కు వారి ప్లేయర్‌లో పెట్టగానే బయటికి వచ్చేసింది, కంప్యూటర్‌లో మాత్రం చక్కగా ఆడింది. ఇందుకు రీజియన్ కోడ్ కారణమని చాలామంది అనుకుంటారు. డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తు అయిన రీజియన్ కోడ్ వేరే సంగతి, ఆథరింగ్‌లో అన్ని రీజియన్లూ అనుమతిస్తే దాని బెడద పోతుంది. పాల్ వీడియోను ఎన్‌టీఎస్‌సీగా మార్చకుండా ఆ ప్లేయర్‌ను ఒప్పించే మార్గం లేదు.

ఎంపికను కెమెరా ప్రకారం, చూసేవారి ప్రకారం చేయాలి. స్టూడియో కెమెరా 25 ఫ్రేములతోనో, 50 ఫీల్డులతోనో (ఫీల్డు అంటే ఫ్రేములోని గీతల్లో ఒకటి విడిచి ఒకటి తీసుకున్న సగం బొమ్మ) తీసి ఉంటే ఇక్కడి బంధువులకు పాల్ డిస్కు చేయండి, అమెరికా వారికి విడిగా ఎన్‌టీఎస్‌సీ డిస్కు చేయండి. వీడియో మొబైల్‌తో తీసినదై సెకనుకు 30 ఫ్రేములు ఉంటే, దాన్ని 25కు తగ్గించినప్పుడు కెమెరా పక్కకు తిరిగే ప్రతిసారీ బొమ్మ కుదుపుతో కదులుతుంది. అలాంటి వీడియోకు ఎన్‌టీఎస్‌సీ ఒక్కటే చేసి రెండుచోట్లా ఇవ్వడం మంచిది. మొబైళ్ళు ఫ్రేము రేటును మధ్యలో మారుస్తుంటాయి కనుక, ముందుగా దాన్ని స్థిరం చేసుకోకపోతే పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పుతుంది.

ఫీల్డుల క్రమం గురించి ఒక్క మాట. మినీ డీవీ టేపుల్లో కింది ఫీల్డు ముందు ఉంటుంది, హెచ్‌డీ కెమెరాల 1080 ఐ వీడియోలో పై ఫీల్డు ముందు ఉంటుంది. ఎన్‌కోడర్‌కు ఇది తప్పుగా చెబితే నడుస్తున్న మనిషి ముందుకూ వెనక్కూ వణుకుతున్నట్టు కనిపిస్తాడు. కంప్యూటర్ తెర మీద ఈ దోషం చాలాసార్లు బయటపడదు కనుక, ఒక నిమిషం నమూనాను మళ్ళీ మళ్ళీ రాయగలిగే ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద రాసి టీవీలో చూసుకోవాలి.

ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లు

ఒకప్పుడు ఈ పనికి వాడిన సాఫ్ట్‌వేర్లు చాలా ఆగిపోయాయి. విండోస్ విస్టా, విండోస్ 7లతో వచ్చిన డీవీడీ మేకర్ విండోస్ 8లో లేదు. యాపిల్ ఐడీవీడీ, డీవీడీ స్టూడియో ప్రో రెండూ 2011 తర్వాత ముందుకు సాగలేదు, 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా 32 బిట్ సాఫ్ట్‌వేర్లను వదిలేయడంతో కొత్త మ్యాక్‌ల మీద అవి తెరుచుకోవు కూడా. అడోబీ ఎన్‌కోర్ చివరి రూపం 2012 నాటి సీఎస్6 తరానిది. పాత కంప్యూటర్‌లో ఎన్‌కోర్ ఇంకా పనిచేస్తున్న స్టూడియోలు దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి, ఎందుకంటే మెనూను ఫోటోషాప్ లేయర్లుగా గీసి, ఏ లేయరు మీటో, ఏది వెలిగే భాగమో లేయరు పేరులోని గుర్తుతోనే చెప్పగలిగే ఆ సౌకర్యం తర్వాత వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్లలో నాకు కనిపించలేదు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి నేను మొదట చెప్పేది డీవీడీ స్టైలర్. ఉచితం, మూలం అందరికీ అందుబాటులో ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. మెనూ తెర మీద మీటలను, బొమ్మలను, అక్షరాలను మౌస్‌తో లాగి కావలసినచోట పెట్టుకోవచ్చు. ఒక్కొక్క మీట ఏ టైటిల్‌లో (డిస్కులోని ఒక్కో వీడియో) ఎన్నో చాప్టర్‌కు వెళ్ళాలో చెప్పవచ్చు, వేరే మెనూకు దారి కలపవచ్చు, ఆ మెనూకు సంగీతం పెట్టవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది, ముందే ఎన్‌కోడ్ చేసిపెట్టుకున్న ఎంపెగ్-2 ఫైలును మళ్ళీ కుదించకుండా ఉన్నదున్నట్టు కాపీ చేయమని దీనికి చెప్పవచ్చు. ఈ సదుపాయం లేని ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ మీరు రెండు పాస్‌లతో జాగ్రత్తగా చేసిన ఎన్‌కోడింగ్‌ను పక్కనపెట్టి తన పద్ధతిలో మరోసారి కుదించి నాణ్యతను పాడుచేస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా మొదట ఈ ఒక్క విషయం పరీక్షించండి. ఇలా కాపీ చేసేటప్పుడు చాప్టర్ గుర్తు ఎంపెగ్-2 కలిపి కుదించే ఫ్రేముల గుంపు మొదట్లోనే పడగలదు కనుక అర సెకను అటూ ఇటూ అవుతుంది. మాంగల్యధారణ కచ్చితంగా ఆ క్షణం నుంచే మొదలవ్వాలంటే, ఎన్‌కోడింగ్ చేసేటప్పుడే అక్కడ కీలక ఫ్రేము (గుంపును మొదలుపెట్టే పూర్తి బొమ్మ) పడేలా చెప్పాలి.

డీవీడీ ఫ్లిక్ విండోస్‌కు మాత్రమే ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్. ఫైళ్ళను చేర్చి, సిద్ధంగా ఉన్న మెనూ నమూనాల్లో ఒకటి ఎంచుకుని, మీట నొక్కితే డిస్కు తయారవుతుంది. ఒక్క సాయంత్రంలో పని ముగియాలి, మెనూ ఎలా ఉన్నా ఫర్వాలేదు అనుకునేవారికి ఇది చాలు. దీని అభివృద్ధి ఎన్నో ఏళ్ళ కిందటే ఆగిపోయింది, మెనూను సొంతంగా గీసుకునే వీలు లేదు, కనుక తెలుగు మెనూ కోరుకునేవారికి నేను చెప్పను. ఏవీఎస్‌టూడీవీడీ కూడా విండోస్‌దే. ఇది లోపల హెచ్‌సీ ఎన్‌కోడర్‌ను వాడగలదు కనుక, మెనూ సాదాగా ఉన్నా తక్కువ బిట్‌రేటులో బొమ్మ బాగుండాలనుకునేవారికి సరిపోతుంది. లినక్స్ వాడేవారికి డెవెడె ఎన్‌జీ ఉంది, వెనుక ఒక బొమ్మ, దాని మీద టైటిళ్ళ జాబితా అన్న స్థాయి మెనూ ఇస్తుంది. కమాండ్ లైన్ భయపెట్టనివారు డీవీడీ ఆథర్‌ను నేరుగా వాడవచ్చు. డీవీడీ స్టైలర్ కూడా లోపల ఆధారపడేది దాని మీదే. ఒకే నమూనాలో పదుల డిస్కులు చేసేవారికి, మెనూలు, చాప్టర్ల అమరికను చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైలును ఒక్కసారి రాసిపెట్టుకుని పేర్లు మార్చుకుంటూ పోవడం మౌస్‌తో చేసే పనికంటే త్వరగా అవుతుంది.

డబ్బు పెట్టి కొనేవాటిలో టీఎంపెగ్ ఆథరింగ్ వర్క్స్ గట్టిది. జపాన్‌కు చెందిన పెగాసిస్ దీన్ని తయారుచేస్తుంది. ప్రమాణానికి తగిన ఎంపెగ్-2 ఫైలులో మీరు కోసిన చోట్ల మాత్రమే మళ్ళీ కుదించి మిగతాదంతా అలాగే ఉంచగలదు, అదే పనిని బ్లూ-రే డిస్కుగానూ చేయగలదు. నెలకు రెండు మూడు డిస్కులైనా చేసే స్టూడియోకు ఆ ఖర్చు తగినదే. ఇంట్లో ఒక పెళ్ళి, ఒక గృహప్రవేశం డిస్కుల కోసమైతే డీవీడీ స్టైలర్ సరిపోతుంది. కొత్త మ్యాక్ ఉన్నవారికి డీవీడీ స్టైలర్ కాకుండా డబ్బు పెట్టి కొనే టోస్ట్ ఉంది.

తెలుగు అక్షరాల మెనూ

నేను మొదట వాడిన ఒక సాఫ్ట్‌వేర్‌లో మీట మీద నేరుగా మాంగల్యధారణ అని టైపు చేస్తే, 'ల్య'లోని య ఒత్తు తన చోటు వదిలి పక్కన విడిగా నిలబడింది. అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే తెలిసిన ప్రోగ్రాములకు ఒత్తులు, గుణింతాలు కలిపి రాయడం రాదు. దీనికి నమ్మకమైన పరిష్కారం ఒకటే: తెలుగు పేర్లన్నిటినీ గింప్‌లోనో, ఇంక్‌స్కేప్‌లోనో, ఫోటోషాప్‌లోనో బొమ్మగా తయారుచేసి, దాన్ని మెనూ నేపథ్యంగా పెట్టి, మీటలను అక్షరాలు లేకుండా వాటి మీద అమర్చాలి. పాల్ వెడల్పు తెరకైతే ఆ బొమ్మను 1024×576 పరిమాణంలో గీసి 720×576కు కుదించాలి, లేకపోతే టీవీలో అక్షరాలు సాగిపోయి కనిపిస్తాయి.

పాత టీవీలు బొమ్మ అంచులను కొంత కోసేస్తాయి, అందుకే నాలుగు వైపులా పదో వంతు వదిలి పేర్లు రాయండి. సన్నటి గీతలున్న ఫాంట్లలో తలకట్లు ఆ టీవీల్లో మినుకుమినుకుమంటాయి. రామభద్ర వంటి బొద్దు ఫాంటు దూరం నుంచి కూడా చదవడానికి వీలుగా ఉంటుంది. మీట వెలిగినప్పుడు కనిపించే పొరకు డీవీడీ ప్రమాణం నాలుగే రంగులు ఇచ్చింది, అందులో ఒకటి సాధారణంగా పారదర్శకానికి పోతుంది. కాబట్టి తెలుగు అక్షరాల వంపులనే ఆ పొరతో వెలిగిస్తే అంచులు రంపపు పళ్ళలా వస్తాయి. పేరు పక్కన ఒక చిన్న చుక్కో, పేరు కింద ఒక మందపాటి గీతో వెలిగేలా చేస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది, చూపు తగ్గిన పెద్దవారికి తాము ఎక్కడ ఉన్నామో వెంటనే తెలుస్తుంది. 4:3 మెనూలో 36 మీటల దాకా పెట్టవచ్చు, వెడల్పు మెనూ పాత టీవీలో కూడా ఒదగాలంటే 18 దాకా పెట్టవచ్చు, కానీ ఒక తెర మీద ఆరు పేర్లు దాటకుండా ఉంచి మిగతావి రెండో తెరకు పంపడం నా అలవాటు. మొదటి మీట మాత్రం ఎప్పుడూ 'మొత్తం చూడండి' అయి ఉండాలి, ఎందుకంటే చాలామంది డిస్కు పెట్టి నేరుగా ఓకే నొక్కుతారు.

కదిలే బొమ్మల మెనూ అందంగానే ఉంటుంది. అది బిట్లు తింటుంది, ముప్పై సెకన్లకొకసారి మొదటికి వచ్చేటప్పుడు ప్లేయరు క్షణం ఆగుతుంది. నిడివి ఎక్కువైన డిస్కులో నిశ్చల మెనూనే ఎంచుకోండి.

డిస్కు

ఖాళీ డిస్కుల్లో డీవీడీ మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండు రకాలు ఉన్నాయి. బాగా పాత ప్లేయర్లకు పంపేటప్పుడు మైనస్ ఆర్ తీసుకోండి, లేకపోతే ఏదైనా ఒకటే. రెండు పొరల 8.5 జీబీ డిస్కులో మన 140 నిమిషాల వీడియోకు 7.5 మెగాబిట్ల సగటు దక్కుతుంది, కానీ ఆ డిస్కు ఖరీదెక్కువ, పాత ప్లేయర్లు కొన్ని దాన్ని చదవలేవు, పొర మారేచోట ఆట ఒక్క క్షణం ఆగవచ్చు. నలుగురైదుగురికి పంచే డిస్కు కనుక నేను ఒక పొర డిస్కునే ఎంచుకుంటాను.

డిస్కు మీద నేరుగా రాయకుండా ముందు ఐఎస్ఓ ఫైలుగా (డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలులో ఉంచిన రూపం) చేసుకుని, దాన్ని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి ప్రతి మీటా నొక్కి చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నాక విండోస్‌లో ఇమ్‌జీబర్న్‌తో, 8 రెట్లు మించని వేగంతో రాసి, చివర సరిచూసే ఎంపికను టిక్కు పెట్టి ఉంచండి. ఆ ఐఎస్ఓనూ, స్టూడియో ఇచ్చిన అసలు హెచ్‌డీ ఫైళ్ళనూ హార్డ్‌డిస్కులో రెండుచోట్ల దాచండి. డీవీడీకి కుదించిన బొమ్మనుంచి అసలు నాణ్యతను మళ్ళీ రాబట్టలేము.

మొదట్లో చెప్పిన 140 నిమిషాల పెళ్ళికి నా ఎంపిక ఇది: 25 ఫ్రేముల వీడియోకు హెచ్‌సీతో రెండు పాస్‌లు, సగటు 4, గరిష్ఠం 8 మెగాబిట్లు, 192 కిలోబిట్ల ఏసీ3 శబ్దం, గింప్‌లో గీసిన తెలుగు మెనూ నేపథ్యం, డీవీడీ స్టైలర్‌లో కాపీ పద్ధతిలో ఆథరింగ్, మైనస్ ఆర్ డిస్కు. అమెరికా బంధువుల కోసం అదే మెనూను 720×480కు తిరిగి కుదించి, అసలు ఫైలునుంచి ఎన్‌టీఎస్‌సీగా మరోసారి ఎన్‌కోడ్ చేయాలి. పాల్ డీవీడీ ఫైలునుంచి మాత్రం మార్చకండి, రెండుసార్లు కుదించిన తలంబ్రాల దృశ్యంలో గింజలన్నీ ఒక తెల్లని మచ్చగా కలిసిపోతాయి.